స్కానర్ పీకేస్తే పన్ను పోతుందా?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైన ఒకటే భయం. ఫోన్‌లో డబ్బు తీసుకుంటే పన్నులవాళ్లు అంగడికొస్తారేమోనని. అందుకే ఆ ప్రశ్నతోనే మొదలుపెట్టి, దానికే కాస్త ఎక్కువ చోటిచ్చాం. పేర్లు వేయొద్దని చాలామంది అడిగారు కాబట్టి ఎవరి పేరూ వేయడం లేదు.

ప్రశ్న: అన్నా, మాది అనంతపురం పాతూరులో కిరాణా అంగడి. బెంగళూరులో ఫోన్‌పే లెక్కలు చూసి చిన్న చిన్న అంగళ్లవాళ్లకు లక్షల్లో నోటీసులు పంపినారంట. మా బామ్మర్ది అక్కడే ఉంటాడు. "బావా, నువ్వు కూడా స్కానర్ పీకెయ్, లేకపోతే అనుభవిస్తావు" అని ఒకటే ఫోన్లు. నాకు రోజుకు ఎనిమిది, తొమ్మిది వేల బేరం అవుతుంది. పండగలప్పుడు ఇంకొంచెం. పీకెయ్యమంటారా?
— ఒక కిరాణా వ్యాపారి, అనంతపురం

జవాబు: పీకొద్దు. మీ బామ్మర్ది చెప్పింది అబద్ధమేం కాదు. 2025 జులైలో కర్ణాటక వాణిజ్య పన్నుల శాఖ యూపీఐ లెక్కలు తెప్పించుకుని చిన్న వ్యాపారులకు నోటీసులు ఇచ్చిన మాట నిజమే. దాంతో అక్కడ చాలామంది "యూపీఐ లేదు, క్యాష్ మాత్రమే" అని కాగితాలు రాసి అంటించుకున్నారు, బంద్ చేస్తామన్నారు, చివరికి ముఖ్యమంత్రి సిద్ధరామయ్య వ్యాపారులతో కూర్చుని మాట్లాడి, జీఎస్టీలో రిజిస్టర్ చేసుకుంటే పాత బాకీల జోలికి రామని చెప్పాల్సి వచ్చింది. ఇక్కడిదాకా మీ బామ్మర్దికి తెలిసే ఉంటుంది. ఆయన చెప్పనిది ఏంటంటే, పన్ను పడేది అమ్మకం మీద. డబ్బు నోట్లలో వచ్చిందా ఫోన్‌లో వచ్చిందా అన్నదాంతో దానికి సంబంధం లేదు. స్కానర్ తీసేసినంత మాత్రాన మీ అమ్మకం చట్టం దృష్టిలో తగ్గదు, గిరాకీ మాత్రం కచ్చితంగా తగ్గుతుంది, ఎందుకంటే కాలేజీ పిల్లలు జేబులో నోట్లు పెట్టుకుని తిరగడం ఎప్పుడో మానేశారు, వాళ్లు మీ అంగడి దాటి పక్క వీధికి పోతారు.

ఇప్పుడు లెక్కలోకి వద్దాం. ఆంధ్రప్రదేశ్‌లో సరుకులు అమ్మేవాళ్లకు ఏడాది అమ్మకం 40 లక్షలు దాటితే జీఎస్టీ రిజిస్ట్రేషన్ తప్పనిసరి, సేవలు అందించేవాళ్లకు అది 20 లక్షలు. తెలంగాణలో సరుకులకు కూడా 20 లక్షలే పెట్టుకున్నారు, కాబట్టి హైదరాబాద్ వాళ్లు చేసిన యూట్యూబ్ వీడియో చూసి మీరు టెన్షన్ పడాల్సిన పని లేదు. 40 లక్షలంటే రోజుకు దాదాపు 11 వేలు. మీ తొమ్మిది వేల లెక్కన ఏడాదికి 33 లక్షల లోపే. అంటే గీతకు ఇవతలే ఉన్నారు, కానీ మరీ దూరంగా లేరు. అందుకే మీ ఉత్తరంలో "పండగలప్పుడు ఇంకొంచెం" అన్న ముక్క దగ్గర ఆగిపోయాను. ఆ ఇంకొంచెం ఎంత? ఉగాదికి, దసరాకు, రంజాన్ నెలకు, సంక్రాంతికి కలిపి అది రెండు లక్షలా ఏడు లక్షలా? దానికి మీ దగ్గర జవాబు లేకపోతే మీ కష్టం స్కానర్‌తో కాదు, లెక్క లేకపోవడంతో. నిజానికి ఆ లెక్కలో సగం మీ తరఫున రాసిపెడుతున్నది ఆ స్కానరే.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. విడిగా తూచి అమ్మే బియ్యం, కందిపప్పు, కూరగాయలు, పాలు వీటి మీద జీఎస్టీ లేదు. అదే బియ్యం 25 కేజీల లోపు ప్యాకెట్‌లో లేబుల్ వేసి వస్తే 5 శాతం. ఇలా పన్ను లేని సరుకు మాత్రమే అమ్మేవాళ్లు, అంటే అచ్చంగా కూరగాయల అంగడి లాంటివాళ్లు, ఎంత అమ్మినా రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. మీలాగా రెండూ కలిపి అమ్మేవాళ్లకు మాత్రం 40 లక్షల గీత చూసేటప్పుడు అన్నీ కలిపే లెక్క కడతారు.

ఒకవేళ దాటారే అనుకుందాం, అప్పుడు కూడా ఆకాశం విరిగి మీద పడదు. 30 రోజుల్లోపు రిజిస్టర్ చేసుకోవాలి. కోటిన్నర లోపు అమ్మకమున్న వ్యాపారికి కాంపోజిషన్ పద్ధతి ఉంది, పన్ను పడే సరుకు అమ్మకం మీద 1 శాతం కడితే సరిపోతుంది. ఏడాదికి 45 లక్షలు అమ్మారు, అందులో 20 లక్షలు విడి బియ్యం, పప్పులే అనుకోండి, మిగిలిన 25 లక్షల మీద 1 శాతం అంటే 25 వేలు. మూడు నెలలకోసారి కట్టాలి, ఏడాదికో రిటర్న్ వేయాలి. ఈ పద్ధతిలో గిరాకీ దగ్గర పన్ను వసూలు చేయకూడదు, మీరు కొన్న సరుకు మీద కట్టిన పన్నును వెనక్కి అడగడానికీ లేదు. అది ఒప్పుకుంటే హాయి.

ఈ వారంలోనే చేయాల్సిన పని ఒకటుంది. అంగడికి వేరే బ్యాంకు ఖాతా తెరిచి స్కానర్‌ను దానికి మార్చండి. చీటీ పాడిన డబ్బు, పాప ఫీజుకు తమ్ముడు వేసిన డబ్బు, అమ్మిన బైకు డబ్బు అన్నీ ఒకే ఖాతాలో పడితే చూసే ఆఫీసరుకు అదంతా అమ్మకంలాగే కనిపిస్తుంది, కాదని చూపించుకోవాల్సిన తిప్పలు మీవే.

ఆదాయపు పన్ను సంగతి కూడా ఒక మాట. పుస్తకాలు రాయకుండా అంచనా లాభం చూపించే పద్ధతిలో నగదు అమ్మకం మీద 8 శాతం లాభం వచ్చినట్టు లెక్కేస్తారు, బ్యాంకు ద్వారా, ఫోన్ ద్వారా వచ్చినదాని మీద 6 శాతమే. మీకున్న బేరానికి ఎటు చూసినా పన్ను పడకపోవచ్చు. అయినా రిటర్న్ వేసి పెట్టుకోండి. రేపు ఫ్రిజ్‌కో, అంగడి పెంచుకోవడానికో లోన్‌కు పోతే బ్యాంకు మేనేజరు ముందు అడిగేది అదే.

ప్రశ్న: సార్, మాది కర్నూలు జిల్లా పత్తికొండ దగ్గర పల్లె. ఎరువులు, పురుగుమందుల షాపు. మా నాయన ఎప్పటినుంచో నోటుబుక్కులోనే అప్పులు రాస్తున్నాడు. నేను బీకాం చదివొచ్చి ఫోన్‌లో ఖాతా యాప్ పెడదామంటే, "నీ ఫోన్ నీళ్లల్లో పడితే నా అప్పులు నువ్వు కడతావా?" అంటున్నాడు. ఎట్ల ఒప్పించాల?
— ఒక కొడుకు, కర్నూలు జిల్లా

జవాబు: ముందు మీ నాయన అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పండి, ఎందుకంటే అది చాలా మంచి ప్రశ్న. ఫోన్ నీళ్లలో పడితే ఏమవుతుంది? యాప్ లెక్కలు ఆన్‌లైన్‌లో దాచుకునేదైతే, అదే నంబరుతో ఇంకో ఫోన్‌లో తెరిస్తే అన్నీ వస్తాయి. ఇది ఆయనకు మాటల్లో చెప్పకండి, చేసి చూపించండి. మీ ఫోన్‌లో నాలుగు పేర్లు రాసి, అదే ఖాతా మీ అమ్మ ఫోన్‌లో తెరవండి. ఇంకో జాగ్రత్త, యాప్‌కు ఇచ్చే నంబరు మీ నాయనదే అయి ఉండాలి. చాలా ఇళ్లలో కొడుకు తన నంబరుతో పెడతాడు, ఆర్నెల్లకు ఉద్యోగం వచ్చి హైదరాబాద్ పోతాడు, ఓటీపీ కోసం నాయన ఇక్కడ షాపులో కూర్చుని వాడి ఫోన్ కోసం ఎదురుచూస్తుంటాడు.

మీ నాయనకు డిజిటల్ కొత్తేమీ కాదన్నది కూడా మరిచిపోకండి. 2018 నుంచి దేశమంతా సబ్సిడీ ఎరువు పీఓఎస్ మెషిన్ మీదే అమ్ముతున్నారు, యూరియా బస్తా కావాలంటే రైతు మామూలుగా ఆధార్‌తో వేలిముద్ర వేస్తాడు. ఆ మెషిన్ మీ షాపులో ఉంది, మీ నాయన నడుపుతూనే ఉన్నాడు. పని తప్పదన్నప్పుడు నేర్చుకున్నాడు. ఇప్పుడు మీరు చెప్పేదాంట్లో ఆయనకు లాభం కనిపించడం లేదు, అంతే.

లాభం ఎట్లా చూపించాలంటే, ఒక సాయంత్రం తీరిగ్గా ఉన్నప్పుడు "మనకు మొత్తం ఎంత రావాల నాయనా?" అని అడగండి. ఐదు నిమిషాల్లో నోటుబుక్కు చూసి కచ్చితంగా చెప్పగలిగితే యాప్ ఊసు వదిలేయండి, ఆయన పద్ధతి మీ పద్ధతి కన్నా బాగుంది. చెప్పలేకపోతే, ఆ ఒక్క అంకె కోసమే యాప్ మొదలుపెట్టండి. పాత సంవత్సరాల లెక్కలన్నీ ఎక్కించే పిచ్చి పని పెట్టుకోవద్దు, ఒక్కొక్క రైతు పేరు ఎదురుగా ఇవాళ్టికి ఉన్న బాకీ మొత్తం రాసి, అక్కడినుంచి ముందుకు పోండి. ఒక పంటకాలం నోటుబుక్కు, యాప్ రెండూ నడవనివ్వండి. రెండిట్లో తేడా వచ్చినప్పుడల్లా ఇద్దరూ కూర్చుని చూడండి, ఎవరిది తప్పో తేలుతుంది, ఒక్కోసారి మీదే అవుతుంది.

ఇంకొకటి గట్టిగా చెప్తున్నా. చాలా యాప్‌లు అప్పు రాసిన వెంటనే ఆ మనిషికి మెసేజ్ పంపిస్తాయి, గడువు దాటితే గుర్తుచేస్తాయి కూడా. పల్లెలో ఇది కొంపలు ముంచుతుంది. "మీ బాకీ 18,400" అని వచ్చిన మెసేజ్ ఇంట్లో కోడలు చదివిందనుకోండి, ఆ రైతు మళ్లీ మీ షాపు గడప తొక్కడు, అప్పు కూడా అటే పోతుంది. సెట్టింగ్స్‌లో ఆ మెసేజ్‌లు ఆపేయండి. శెనక్కాయ, టమాటా చేతికొచ్చి డబ్బు పడే రోజులు మీ నాయనకు ఏ యాప్ కన్నా బాగా తెలుసు, అడిగే పని ఆయనకే వదిలేయండి. ఎవరిని అడగాలన్న జాబితా మాత్రం మీరు తీసివ్వండి.

అప్పుల తర్వాత స్టాకు. పురుగుమందు డబ్బాల మీద గడువు తేదీ ఉంటుంది, దాటినవి అమ్మితే లైసెన్సుకే ముప్పు. ఏ డబ్బా ఏ నెలలో గడువు దాటుతుందో ఫోన్‌లో మామూలు ఎక్సెల్ షీటులో రాసుకున్నా చాలు, ఇంకా టైముండగానే కంపెనీకి వెనక్కి పంపొచ్చు. ఇందులో మిగిలే డబ్బు మీ నాయన కళ్లకు కనిపిస్తుంది, అప్పుడు ఒప్పించాల్సిన పని ఉండదు.

ప్రశ్న: కడప వైవీ స్ట్రీట్‌లో మాది లేడీస్ ఫ్యాన్సీ షాపు. సాయంత్రం రద్దీలో ఆడపిల్లలు ఇద్దరే కౌంటర్‌లో ఉంటారు. డబ్బు పంపినామని ఫోన్‌లో పచ్చ టిక్ చూపించి పోతున్నారు, రాత్రి చూసుకుంటే డబ్బు ఉండదు. ఎవరినని అనుమానించాలి?
— ఒక షాపు యజమానురాలు, కడప

జవాబు: ఎవరినీ అనుమానించొద్దు మేడమ్, ఎవరి ఫోన్‌నూ నమ్మొద్దు. అవతలివాళ్ల ఫోన్ మీద కనిపించే టిక్‌కు విలువ లేదు, అచ్చం అసలు యాప్‌లా కనిపించి, కావాల్సిన పేరు, కావాల్సిన మొత్తం చూపించే దొంగ యాప్‌లు ఉన్నాయి. డబ్బు వచ్చిందా లేదా అన్నది మీ వైపునుంచే తెలియాలి. అందుకు, డబ్బు పడగానే ఎంత వచ్చిందో పైకి చెప్పే సౌండ్ బాక్స్ పెట్టించుకోండి, నెలకు కొంత అద్దె ఉంటుంది కానీ మీరు ఇప్పుడు పోగొట్టుకుంటున్నదానితో చూస్తే అది లెక్కలోకి రాదు. అది పలికాకే కవర్ చేతికివ్వాలని పిల్లలకు చెప్పండి. పలకలేదా, మర్యాదగా "ఒక్క నిమిషం అక్కా, ఇంకా రాలేదు" అని ఆపాలి. నిజంగా పంపినవాళ్లు ఆగుతారు.

మీ సొంత ఫోన్ కౌంటర్‌లో పెట్టి పోవద్దు. కొన్ని బిజినెస్ యాప్‌లలో పనివాళ్ల నంబర్లు జతచేసే వీలుంది, వాళ్లకు వచ్చిన డబ్బు కనిపిస్తుంది, ఖర్చు పెట్టే అధికారం ఉండదు. మీకు అదే సరిపోతుంది.

ఇంకా కొన్ని మోసాలు. "పొరపాటున 500 బదులు 5,000 పంపినా, మిగతాది వెనక్కి వేయండి" అని ఏడుపు గొంతుతో ఫోన్ వస్తుంది, ముందే బ్యాంకు మెసేజ్‌లాంటిది ఒకటి మీ ఫోన్‌కు వచ్చి ఉంటుంది. ఆ మెసేజ్ పంపింది వాళ్లే. ఖాతా తెరిచి బ్యాలెన్స్ చూడకుండా పైసా కూడా వెనక్కి వేయొద్దు. డబ్బు తీసుకోవడానికి పిన్ కొట్టాల్సిన అవసరం ఎప్పుడూ రాదు, పిన్ అడిగారంటే మీ దగ్గరనుంచి పోతున్నట్టే. పొద్దున షట్టర్ తీయగానే గోడమీద స్టిక్కర్‌ను మీ ఫోన్‌తోనే ఒకసారి స్కాన్ చేసి మీ పేరే వస్తోందా చూడండి, రాత్రిపూట దానిమీద ఇంకొకటి అంటించి పోయే ఘనులున్నారు. పోయిందని తెలిసిన వెంటనే 1930కి ఫోన్ చేయాలి. ఎంత తొందరగా చేస్తే డబ్బు అవతలి ఖాతాలో ఆగే అవకాశం అంత ఎక్కువ, మరుసటి రోజు చూద్దాంలే అనుకుంటే ఆ డబ్బు ఆపాటికి పది ఖాతాలు దాటిపోయి ఉంటుంది.

ఇలాంటివి చదివి స్కానరే వద్దనుకునేరు. యూపీఐకి, రూపే డెబిట్ కార్డుకు 2020 జనవరి 1 నుంచి వ్యాపారి దగ్గర కోత లేదు, వంద వస్తే వందా మీదే. చిల్లర గొడవ లేదు, రాత్రి గల్లా లెక్కపెట్టే పని సగం తగ్గింది. క్రెడిట్ కార్డును యూపీఐకి కలిపి కొట్టే విషయం వేరు, అందులో పెద్ద మొత్తాలకు కోత పడొచ్చు.

ప్రశ్న: కర్నూలులో సెకండ్‌హ్యాండ్ ఫోన్ల షాపు నాది. ఎవరో వచ్చి ఫోన్ కొని 7 వేలు యూపీఐలో వేసి పోయినాడు. వారానికి నా ఖాతా మొత్తం ఆపేశారు. ఏదో రాష్ట్రంలో సైబర్ కేసంట. నేనేం తప్పు చేసినా?
— కర్నూలు

జవాబు: మీ తప్పు లేదు. ఎవరినో మోసం చేసిన డబ్బుతో మీ దగ్గర ఫోన్ కొన్నాడు, మోసపోయిన మనిషి ఫిర్యాదు ఇచ్చాడు, డబ్బు ఎటు పోయిందో వెతుకుతూ పోలీసులు మీ ఖాతా దాకా వచ్చారు. బ్యాంకుకు రాతపూర్వకంగా అడిగి ఫిర్యాదు నంబరు, ఏ పోలీస్ స్టేషన్, ఎంత మొత్తం మీద అభ్యంతరం, ఈ మూడూ తెలుసుకోండి. బిల్లు కాపీ, ఫోన్ ఐఎంఈఐ నంబరు (ఆ ఒక్క ఫోన్‌కే ఉండే గుర్తింపు నంబరు), ఆ మనిషి ఆధార్ తీసుకుని ఉంటే అది, సీసీ కెమెరా వీడియో ఉంటే అది, అన్నీ కలిపి ఆ స్టేషన్‌కు పంపి, 7 వేలు మాత్రం ఆపి మిగతా ఖాతా వదలమని అర్జీ పెట్టండి. మీ ఉత్తరంలో బిల్లు మాట లేదు, అదే నాకు దిగులు. ఇకనుంచి ప్రతి ఫోన్‌కూ బిల్లు రాయండి. "నీకు ఫోన్‌పే చేస్తా, క్యాష్ ఇవ్వన్నా, వందకు ఐదు తీసుకో" అని వచ్చేవాళ్లను మాత్రం గుమ్మంలోనుంచే పంపేయండి, దొంగ డబ్బు నోట్లుగా మారే దారుల్లో అది ఒకటి.

ప్రశ్న: అన్నా, మాది ఎమ్మిగనూరు. ఇంట్లో రెండు మగ్గాలు, మాస్టర్ వీవర్ నూలు ఇస్తే నేసి కూలి తీసుకుంటాం. మా చెల్లెలు "ఫోటోలు పెట్టి వాట్సాప్‌లో అమ్ముకో, లాభమంతా నీదే" అంటోంది. అట్ల అమ్మొచ్చా? ఎక్కడ మొదలుపెట్టాల?
— ఒక నేతకారిణి, ఎమ్మిగనూరు

జవాబు: అమ్మొచ్చమ్మా, కానీ ఒక చిక్కుంది, దాన్ని మీ చెల్లెలు చూడలేదు. మాస్టర్ వీవర్ ఇచ్చిన నూలుతో నేసిన చీర మీది కాదు, దాన్ని మీరు అమ్మలేరు. మీ సొంత చీర అమ్మాలంటే సొంత నూలు కావాలి, నేసి, అమ్ముడుపోయి, డబ్బు వచ్చేదాకా ఇల్లు నడవాలి. నేతగాళ్లు షావుకార్ల మీద ఆధారపడకుండా ఉండాలనే మాచాని సోమప్ప మీ ఊళ్లో ఏనాడో సహకార సంఘం పెట్టారు, అంటే ఈ పెట్టుబడి చిక్కు వాట్సాప్ కన్నా చాలా పాతది, వాట్సాప్ వచ్చిందని అది తీరిపోదు. కాబట్టి ఒక మగ్గం కూలికే నడవనివ్వండి, రెండోదాని మీద సొంత నూలు ఎక్కించండి. చేతిలో డబ్బు లేకపోతే ముద్ర లోన్లలో శిశు అనే రకం 50 వేల వరకు ఇస్తారు, బ్యాంకులో అడగండి.

ఇక అమ్మకం. వాట్సాప్ బిజినెస్ అని వేరే యాప్ ఉంది, ఉచితం. అందులో క్యాటలాగ్ పెట్టుకోవచ్చు, చీర ఫోటో, ధర, పొడవు రాసి ఉంచితే ఎవరు అడిగినా లింకు పంపితే చాలు. దయచేసి ధర రాయండి. "రేటు కోసం ఇన్‌బాక్స్‌కు రండి" అని పెట్టేవాళ్లను చూస్తే నాకైతే ఒళ్లు మండుతుంది, కొనేవాళ్లలో సగం మంది అడగడానికి మొహమాటపడి వెళ్లిపోతారు. ఫోటో వాకిట్లో పగటి వెలుతురులో తీయండి, నేరుగా ఎండలో కాదు, ట్యూబ్‌లైట్ కింద అసలే కాదు. రంగు తేడా ఉందని వెనక్కి వచ్చే చీరలే ఎక్కువ. అంచు, కొంగు, బ్లౌజు ముక్క విడివిడిగా చూపించండి, ఐదున్నర మీటర్ల చీరా, బ్లౌజుతో కలిపి ఎంతా అన్నది రాయండి. అన్నిటికన్నా పనిచేసేది మగ్గం మీద మీరు నేస్తున్న అర నిమిషం వీడియో. పవర్‌లూమ్ చీరను చేనేత అని అమ్మేవాళ్లు ఊరినిండా ఉన్నారు, వాళ్లు చూపించలేనిది మీ దగ్గర ఉంది.

కొన్నవాళ్లను మీ నంబరు సేవ్ చేసుకోమని అడగండి. బ్రాడ్‌కాస్ట్‌లో, అంటే ఒకేసారి అందరికీ పంపే జాబితాలో, పెట్టిన కొత్త చీరల ఫోటోలు మీ నంబరు సేవ్ చేసుకున్నవాళ్లకే చేరతాయి, చాలామందికి ఈ సంగతి తెలియక "పెట్టినా ఎవరూ పలకడం లేదు" అనుకుంటారు. డబ్బు ముందే తీసుకోండి. పార్శిల్ వచ్చాక ఇస్తామంటే వద్దనండి, తీసుకోకుండా తిప్పి పంపితే రానుపోను ఖర్చు మీ నెత్తిమీదే పడుతుంది. మొదటిసారి కొనేవాళ్లకు నమ్మకం కుదరదు కదా అంటారు, నిజమే, అందుకే మొదట తెలిసినవాళ్లకు, వాళ్ల ద్వారా వాళ్ల స్నేహితులకు అమ్మండి. పార్శిల్ మన రాష్ట్రంలోకైతే ఆర్టీసీ కార్గోలో, బయటికైతే స్పీడ్ పోస్టులో పంపి, రసీదు ఫోటో వెంటనే పెట్టండి. విప్పేటప్పుడు వీడియో తీసుకోమని ముందే చెప్పండి, చిరుగు ఉందని గొడవ వస్తే అదే సాక్ష్యం.

పెద్ద ఆన్‌లైన్ సైట్లలో పెట్టాలంటే ఒకప్పుడు జీఎస్టీ నంబరు తప్పనిసరి. 2023 అక్టోబర్ 1 నుంచి, 40 లక్షల లోపు వాళ్లు పాన్‌తో జీఎస్టీ పోర్టల్‌లో ఎన్‌రోల్‌మెంట్ నంబరు తీసుకుని మన రాష్ట్రం లోపల సైట్ల ద్వారా అమ్ముకోవచ్చు. మీరే నేరుగా బెంగళూరుకో చెన్నైకో పంపితే మామూలుగా చిన్న మొత్తానికైనా రిజిస్ట్రేషన్ అడుగుతారు, చేనేత లాంటి చేతివృత్తుల వస్తువులకు మాత్రం మినహాయింపు ఉంది, దానికి పాన్, ఈ-వే బిల్లు (సరుకు పంపేటప్పుడు ఆన్‌లైన్‌లో తీసుకునే పత్రం) కావాలి. ఇది ఒకసారి ఆడిటరుకు చూపించుకునే చేయండి. అయితే ఇదంతా తర్వాత సంగతి, ముందు పది చీరలు తెలిసినవాళ్లకు అమ్మి, నూలు, రంగుల ఖర్చు పోగా ఎంత మిగిలిందో రాసుకోండి. మాస్టర్ వీవర్ ఇచ్చే కూలి కన్నా తక్కువ మిగిలిందంటే ధర తప్పు పెట్టారు.

ప్రశ్న: అనంతపురం సప్తగిరి సర్కిల్ దగ్గర ఉగ్గాని బజ్జీ బండి పెట్టుకున్నా. అందరూ స్కాన్ చేసే తింటారు. డబ్బంతా మా ఆయన ఖాతాలో పడుతుంది. పొద్దున బొరుగులు, నూనె తెద్దామంటే నా చేతిలో రూపాయి ఉండదు.
— ఒక బండి యజమానురాలు

జవాబు: అక్కా, బండి మీది, కష్టం మీది, కాబట్టి స్కానర్ మీ పేరున ఉండాలి. మీకు బ్యాంకు ఖాతా ఉంటే దానికి లింకైన నంబరుతో కొత్త క్యూఆర్ తీసుకోండి, గంట పని. బొరుగుల మండీవాళ్లకు, నూనె అంగడికి కూడా ఫోన్‌లోనే కట్టొచ్చు, నోట్లు డ్రా చేయాల్సిన అవసరమే తగ్గుతుంది. ఇంట్లో ఏమంటారో అని వెనకాడతారేమో, అందుకు ఒక మంచి కారణం ఇస్తున్నా, చెప్పుకోండి. వీధి వ్యాపారులకు 2020లో పెట్టిన పీఎం స్వనిధి లోను బండి నడిపేవాళ్ల పేరునే ఇస్తారు. ఇప్పుడు మొదట 15 వేలు, అది కడితే 25 వేలు, అదీ కడితే 50 వేలు, వడ్డీలో 7 శాతం సబ్సిడీ, డిజిటల్‌గా డబ్బు తీసుకుంటే క్యాష్‌బ్యాక్ కూడా ఉంది. 2030 మార్చి వరకు ఈ పథకం పొడిగించారు. మున్సిపాలిటీలో వీధి వ్యాపారుల గుర్తింపు పత్రం తీసుకుని బ్యాంకుకు పోండి. మీ ఖాతాలో రోజూ డబ్బు పడుతున్నట్టు కనిపిస్తే రెండో లోను దగ్గర మాట తేలికవుతుంది.

ప్రశ్న: కడప సెవెన్ రోడ్స్ దగ్గర మోటార్ వైండింగ్ షాపు మాది. పక్క వీధికి మారినాం. గూగుల్ మ్యాప్‌లో మాత్రం "శాశ్వతంగా మూసివేశారు" అని వస్తోంది. బోరు మోటార్లు కాలిపోయే ఎండాకాలమే మాకు సీజను. ఎవరో ఫోన్ చేసి 5 వేలు కడితే గూగుల్‌లో సరిచేస్తామంటున్నారు. కట్టమంటారా?
— ఒక వైండింగ్ మెకానిక్, కడప

జవాబు: కట్టొద్దు. గూగుల్‌లో షాపు పెట్టుకోవడానికి, సరిచేసుకోవడానికి డబ్బు తీసుకోరు. మ్యాప్‌లో మీ షాపు పేరు తెరిచి "ఈ వ్యాపారం మీదేనా" అన్న చోట నొక్కి మీ మెయిల్‌తో క్లెయిమ్ చేయండి. చాలాసార్లు వీడియో అడుగుతారు. బయట వీధి, మీ బోర్డు, లోపల వైండింగ్ మిషన్, విప్పిన మోటార్లు, షట్టర్ తాళం మీరే తీయడం, ఇవన్నీ ఆపకుండా ఒకే వీడియోలో తీసి పంపండి. ఆమోదం వచ్చాక అడ్రసు, టైమింగ్స్, ఫోన్ నంబరు మార్చండి. మ్యాప్‌లో ఎవరైనా మార్పు సూచించొచ్చు, పాత చోట షట్టర్ మూసి ఉండటం చూసి ఎవరో మంచికే అలా పెట్టి ఉంటారు. పాత షాపు తలుపు మీద కొత్త అడ్రసు రాసి అంటించారా? అది ఈరోజే చేయండి, మీ దగ్గరికి వచ్చే రైతుల్లో మ్యాప్ చూడనివాళ్లే ఎక్కువ.

పాత గిరాకీలో ఓ పదిమందిని రివ్యూ రాయమనండి, "ఐదు హెచ్‌పీ మోటారు ఒక్క రోజులో చుట్టిచ్చినారు" అని వాళ్ల మాటల్లో రాస్తే చాలు. ఆ 5 వేలు అడిగిన మనిషి మళ్లీ ఫోన్ చేస్తే మాత్రం ఓటీపీ చెప్పకండి. దాంతో మీ షాపు ప్రొఫైల్ అతని చేతికి పోతుంది, నంబరు మార్చేస్తాడు, మోటారు కాలిన రైతు చేసే ఫోన్ కూడా ఇంకెవరికో పోతుంది.